నాలుకకి పియర్సింగ్ చేయించుకున్నా, వాచిపోయింది.. తీసేయమంటారా?

ప్రశ్న: డాక్టరమ్మా, నాకు 21 ఏళ్లు, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నా. ఐదు రోజుల కిందట నాలుకకి పియర్సింగ్ చేయించుకున్నా. మొదటిరోజు బానే ఉంది గానీ మూడో రోజుకల్లా బాగా వాచిపోయింది, మాట ముద్దముద్దగా వస్తోంది, రాడ్డు చుట్టూ తెల్లగా జిగురులా ఏదో పేరుకుంటోంది. చీము పట్టిందని ఒక ఫ్రెండ్, పసుపు పెట్టమని ఇంకో ఫ్రెండ్, తీసి పారెయ్యమని రూమ్మేట్. నిన్న మెస్‌లో సాంబారన్నం తింటే ఏడుపొచ్చేసింది. వచ్చే వారం పండక్కి ఇంటికెళ్లాలి, అమ్మకి ఇంకా చెప్పలేదు. ఇప్పుడు తీసేస్తే తగ్గిపోతుందా?

జవాబు: కంగారుపడి తీసెయ్యకు తల్లీ, ముందు ఆ మాట చెప్పాకే మిగతావి. నాలుకంటే మొత్తం కండే కదా, రక్తం బాగా పారే కండ, అందుకని గుచ్చితే వాస్తుంది, అదీ మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా బాగా ఎక్కువగా ఉంటుంది. అంటే నువ్వు ఉత్తరం రాసిన రోజే అన్నిటికంటే కష్టమైన రోజు. వారం దాటేసరికి తగ్గుముఖం పట్టాలి. వాపొస్తుందని తెలుసు కాబట్టే మొదట వేసే రాడ్డు కావాలనే పొడుగ్గా, 18 నుంచి 20 మిల్లీమీటర్ల దాకా ఉన్నది వేస్తారు.

ఇక ఆ తెల్లటి జిగురు. మోకాలు గీసుకుపోయినప్పుడు రసి కారుతుంది చూడు, ఇదీ అలాంటిదే, నోట్లో తడికి ఎండి పక్కు కట్టలేక రాడ్డుకి అంటుకుంటుంది. రసి పల్చగా, తెల్లగానో లేత పసుపుగానో ఉంటుంది, చెడు వాసన ఉండదు. చీమైతే చిక్కగా ఉంటుంది, ఆకుపచ్చకి తిరుగుతుంది, కంపు కొడుతుంది, దాంతోపాటు నొప్పి రోజురోజుకీ పెరుగుతుంది, జ్వరం కూడా రావచ్చు. నీకు ఇవేవీ లేకపోతే అది రసే అయ్యుంటుంది, కానీ చూడకుండా నేను ఖాయంగా చెప్పలేను కాబట్టి దగ్గర్లో డెంటిస్టుకి ఒక్కసారి చూపించేయ్, ఐదు నిమిషాల పని.

ఒకవేళ చీమే అనుకున్నా సొంతంగా తీయొద్దు, ఎందుకంటే కొత్త కన్నం గంటల్లో మూసుకుపోతుంది, పైన మూసుకుని చీము లోపల ఉండిపోతే అది ఇంకా పెద్ద తలనొప్పి. తియ్యాలా ఉంచాలా అనేది డాక్టర్ చూసి చెప్పాలి.

మా చిన్నప్పుడు వీరభద్రుడి సంబరాల్లో నాలుకకి నారసాలు (సన్నటి లోహపు చువ్వలు) పొడుచుకునేవాళ్లని చూసేవాళ్లం, ఇప్పటికీ నా దగ్గరికొచ్చేవాళ్లు వాళ్లకేం కాలేదు కదండీ అంటుంటారు. అక్కడ నారసం కాసేపటికి తీసేస్తారు, కన్నం పూడిపోతుంది. నీకు అలా కాదు, లోహం రాత్రీపగలూ లోపలే ఉంటుంది, దాని చుట్టూ కన్నం పొడుగునా కొత్త చర్మం కట్టాలి. దానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, పైకి మానినట్టు కనిపించినా లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది.

పసుపు మాత్రం పెట్టకు. వంటింటి పసుపు పొడి కన్నంలోకి వెళ్లి ఇరుక్కుంటే అదే కొత్త గొడవ. కాచి చల్లార్చిన నీళ్లు ఒక గ్లాసుకి, అంటే 240 మిల్లీలీటర్లకి, పావు టీస్పూను ఉప్పు కలిపి తిన్న ప్రతిసారీ, పడుకునే ముందు అర నిమిషం పుక్కిలించు. ఉప్పు ఎక్కువేస్తే తొందరగా మానుతుందనుకుని చెంచాలకి చెంచాలు వేసేవాళ్లున్నారు, అలా చేస్తే కొత్తగా కడుతున్న చర్మం మండి ఎండిపోతుంది. మౌత్‌వాష్ కొంటే ఆల్కహాల్ లేనిది చూసి కొను. క్లోర్‌హెక్సిడిన్ ఉన్నది డాక్టర్ రాస్తే రాసినన్ని రోజులే వాడు, వారాల తరబడి వాడితే పళ్లకీ నాలుకకీ గోధుమరంగు మరకలు పడతాయి. కొత్త బ్రష్ కొనుక్కో, మెత్తటిది. ఇంకొకటి, మనవాళ్లకి పొద్దున్నే నాలుక బద్దతో బరబరా గీకకపోతే మొహం కడిగినట్టుండదు కదా, అది మానేదాకా పూర్తిగా పక్కన పెట్టెయ్, బద్ద రాడ్డుకి తగులుకుని లాగితే ప్రాణం పోయినట్టుంటుంది, మళ్లీ రక్తం కూడా వస్తుంది.

తిండి సంగతి. చల్లారిన పెరుగన్నం, రాగి జావ, మజ్జిగ, పాలల్లో నానబెట్టిన ఇడ్లీ, మెత్తగా కలిపిన పప్పన్నం కారం లేకుండా, ఇవన్నీ తినొచ్చు, చిన్న చిన్న ముద్దలు పెట్టుకుని నెమ్మదిగా నమలాలి, లేకపోతే రాడ్డుని కొరికేస్తావు. పొగలు కక్కే టీ వద్దు, చల్లారాక తాగు. పండక్కి ఇంట్లో ఆవకాయా గోంగూరా ఎదురుగా కనిపిస్తాయి, ఈసారికి వదిలెయ్ తల్లీ. చిన్న ఐస్ ముక్క నోట్లో వేసుకుని కరగనిస్తే (కొరక్కూడదు) వాపుకి చాలా హాయిగా ఉంటుంది, రాత్రి రెండు దిళ్లు వేసుకుని తల ఎత్తుగా పెట్టి పడుకో. నొప్పికి పారాసిటమాల్ పడేవాళ్లు స్ట్రిప్ మీద రాసిన మోతాదు దాటకుండా వేసుకోవచ్చు, ఆస్పిరిన్ వద్దు, రక్తం ఆగదు. సిగరెట్, మందు, ముద్దులు మానేదాకా వద్దే వద్దు. రోజుకోసారి చేతులు సబ్బుతో కడుక్కుని రాడ్డు పైకొసకి బిగించిన బాల్ బిగుతుగా ఉందో లేదో చూసుకో, వదులై రాత్రి నిద్రలో మింగేసినవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు భయపడాల్సినవి చెప్తా. దవడ కిందో నాలుక కిందో వాపు రాయిలా గట్టిపడటం, ఉమ్ము కూడా మింగలేక కారిపోవడం, నోరు తెరుచుకోకపోవడం, ఊపిరి ఆడనట్టు ఉండటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి పోవాలి, 108కి ఫోన్ చెయ్. ఇది చాలా అరుదు, కానీ నాలుక కింది ఇన్ఫెక్షన్ మెడలోకి దిగితే గంటల్లోనే ఊపిరి గొట్టం మూసుకుపోతుంది. రక్తం నొక్కిపట్టినా ఆగకపోయినా, బాల్ నాలుకలోకి కూరుకుపోతున్నా అంతే, వెంటనే చూపించాలి.

అమ్మకి చెప్పమంటాను నేను. తిడుతుంది, రెండ్రోజులు మాట్లాడదేమో కూడా, కానీ ఇంట్లో పడుకున్నప్పుడు అర్ధరాత్రి వాపు పెరిగితే పక్కనున్న మనిషికి విషయం తెలిసుండాలి, లేకపోతే ఏమైందో చెప్పడానికి నీకు మాట కూడా రాకపోవచ్చు.

ప్రశ్న: మేడమ్, నేను నాలుకకి పెట్టించుకుని ఏడాదిన్నరైంది, మానిపోయింది, ఏ నొప్పీ లేదు. కానీ కింద ముందు పళ్ల వెనకాల చిగురు కిందకి జారినట్టు నాలుకకి తెలుస్తోంది, ఆ పళ్లు జివ్వుమంటున్నాయి. రాడ్డుని పళ్లకేసి టకటకా కొట్టే అలవాటుంది, దాని వల్లేనా?

జవాబు: దాని వల్లే అయ్యుంటుంది బాబూ. అసలు తప్పు ఎక్కడ జరిగుంటుందో చెప్పనా, మొదట వేసిన పొడుగు రాడ్డే ఇప్పటికీ ఉందా? వాపు పోయాక, రెండు నుంచి నాలుగు వారాల్లో, మళ్లీ వెళ్లి పొట్టి రాడ్డు వేయించుకోవాలి, చాలామంది ఈ ఒక్క పని చెయ్యరు. డబ్బులు మళ్లీ ఎందుకు దండగ అనుకుంటారు, కొంతమందికైతే ఎవరూ చెప్పనే చెప్పరు. పొడుగు రాడ్డు మాట్లాడిన ప్రతిసారీ కింది పళ్ల వెనకాల చిగురుని రాస్తూనే ఉంటుంది. ఒకసారి జారిన చిగురు దానంతటది పైకి రాదు, బాగా జారితే అంగిట్లోంచి కండ తీసి అతికించాల్సొస్తుంది. ఆ టకటకలకి వెనక పళ్ల అంచులు కూడా చిట్లుతాయి. ముందు చిగుళ్ల డాక్టర్‌కి చూపించు. నా మటుకు నేనైతే తీసేయమనే అంటాను, ఏడాదిన్నర నాటి కన్నం కాబట్టి తీస్తే నాలుకకి ఏ నష్టమూ లేదు. ఉంచుకోవాలనే ఉంటే కనీసం పొట్టిది, ఇంప్లాంట్‌లకి వాడే టైటానియంది వేయించుకుని ఆ కొట్టే అలవాటు ఈ రోజే మానెయ్.

ప్రశ్న: మా అమ్మాయికి చిన్నప్పుడు గుండె వాల్వ్ మార్చారండి. ఇప్పుడు 19 ఏళ్లు, కాలేజీలో అందరూ చేయించుకుంటున్నారు నేనూ నాలుకకి పెట్టించుకుంటానంటోంది. ఒప్పుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. నోట్లో ఎప్పుడూ ఉండే క్రిములు ఆ గాయంలోంచి రక్తంలోకి దిగి, మార్చిన వాల్వ్ మీద చేరి ఇన్ఫెక్షన్ తెస్తాయి, దాన్ని ఎండోకార్డైటిస్ అంటారు, ప్రాణం మీదకొచ్చే జబ్బు. పన్ను పీకాలన్నా ఆ అమ్మాయికి ముందు యాంటీబయాటిక్ ఇస్తారు కదా, అదెందుకో తనకి కూర్చోబెట్టి చెప్పండి, కోప్పడకుండా. మీ మాట వినకపోతే తన గుండె డాక్టర్ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి.