ఆర్చర్ పైకి ఎందుకు వెళ్ళలేదు?

ప్రశ్న: ఎడిత్ వార్టన్ నవల ‘ది ఏజ్ ఆఫ్ ఇన్నోసెన్స్’ ఈమధ్యే చదివానండి. 1870ల న్యూయార్క్‌లో బాగా డబ్బున్న కుటుంబాల కథ. ఆర్చర్ మే ని పెళ్ళి చేస్కుంటాడు, మనసేమో ఆమె కజిన్ ఎలెన్ మీద. చివర్లో భార్య పోయింది, తనకి 57 ఏళ్ళు, పారిస్‌లో ఎలెన్ ఇంటి కిందదాకా వెళ్ళి కూడా పైకెక్కడు. ఇంక అడ్డేముంది? పిరికివాడనిపించింది, చాలా కోపమొచ్చింది.
– ఒక పాఠకురాలు

జవాబు: మొదటిసారి చదివినప్పుడు నాకూ అంతే కోపమొచ్చిందమ్మా. కానీ ఆ నవల్లో ఎవరూ ఎవర్నీ గట్టిగా ఒక్క మాట అనరు, గమనించారా? ఎలెన్ మొగుణ్ణి వదిలేసి యూరప్ నుంచి వచ్చేసిందని తెలిసి, ఇంట్లోవాళ్ళు ఆమె కోసం డిన్నర్ పెడితే పిలిచినవాళ్ళలో దాదాపు అందరూ రాలేమని చీటీలు పంపేస్తారు, కారణం కూడా రాయరు. వెలెయ్యడమంటే అదేగా. మళ్ళీ వాన్ డెర్ లూడెన్లనే పెద్దింటివాళ్ళు ఆమెని భోజనానికి పిలిచేసరికి అన్ని నోళ్ళూ మూతపడతాయి.

ఇంతకీ ఆమెకి విడాకులొద్దని నచ్చజెప్పిందెవరు? ఆర్చరే! లాయరు కదా, కుటుంబం ఆ పని అతనికి అప్పజెప్పింది. పరువు గురించి చెప్పి ఒప్పించాడు, ఆ తర్వాత ప్రేమిస్తున్నానన్నాడు, అప్పటికే తలుపు తన చేత్తోనే మూసేశాడు.

ఎలెన్ యూరప్‌కి తిరిగి వెళ్ళిపోయేముందు మే ఇచ్చిన వీడ్కోలు డిన్నర్ ఇంకోసారి చదవండి. ఆర్చర్‌కీ ఎలెన్‌కీ సంబంధం ఉందని అందరూ ఎప్పుడో ఖాయం చేసేస్కున్నారని, ఆమెని సాగనంపడానికే ఇంత మర్యాదగా కూడారని అతనికి అక్కడ తెలుస్తుంది, కానీ పల్లెత్తు మాట ఎవరూ అనరు కాబట్టి కాదని చెప్పుకునే వీలు కూడా లేదు, నవ్వుతూ కూర్చోవాలి. ఆ రాత్రే మే తల్లి కాబోతున్నానంటుంది, ఆ మాట రెండు వారాల ముందే, ఇంకా తనకే నిర్ధారణ కాకముందే, ఎలెన్‌కి చెప్పేసింది, అందుకే ఎలెన్ వెళ్ళిపోతోంది. మే ని అమాయకురాలనుకున్నాం మనం!

పారిస్‌లో కొడుకు అంటాడు చూడండి, నువ్వు అన్నిటికంటే ఎక్కువ కోరుకున్నదాన్ని అమ్మ అడిగితే వదిలేశావట, పోయేముందు అమ్మే చెప్పిందని. ఆమె నన్నెప్పుడూ అడగలేదు అంటాడు ఆర్చర్. తన బాధ ఎవరికీ తెలీదనుకుంటూ బతికినవాడికి, ఒక మనిషికి తెలుసని, ఆ మనిషి తన భార్యేనని, జాలి కూడా పడిందని అప్పుడు తెలిసింది. అది విన్నాక ఆ మెట్లెక్కడం పిరికితనం లేకపోయినా కష్టమే అనిపిస్తుంది నాకు.

వార్టన్ 1862లో అలాంటి కుటుంబంలోనే పుట్టింది. ఆమె మాత్రం 1913లో విడాకులు తీస్కుంది, ఫ్రాన్స్‌లో ఉండిపోయింది, ఈ నవల 1920లో వచ్చింది. మరుసటేడు పులిట్జర్, నవలకి ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆమే.

ఐదో అంతస్తు బాల్కనీలోకి పనివాడొచ్చి కిటికీ తలుపులు మూస్తాడు, ఆర్చర్ లేచి ఒక్కడే హోటల్‌కి వెళ్ళిపోతాడు. ఆ పేజీ మళ్ళీ చదవండి, ఈసారి ఎలెన్‌ని కాదు, మే ని తల్చుకుంటూ.