1949 నాటి నల్లగొండ ఉరిశిక్ష కేసుపై వకీలైన మా తాతగారి ఉత్తరంలో ‘సుప్రీంకోర్టులో అప్పీలుకు దారి లేదు’ అని ఎందుకుంది?

మీ తాతగారు రాసింది అక్షరాలా నిజం. చిక్కంతా తేదీలది. తెలంగాణ సాయుధ పోరాట ఖైదీలకు స్పెషల్ ట్రిబ్యునల్ (ప్రత్యేక కోర్టు) 1949లో ఉరిశిక్షలు వేసింది, హైదరాబాద్ హైకోర్టు అదే ఏడాది ఖాయం చేసింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చింది 1950 జనవరి 26న. అంతకుముందే ముగిసిపోయిన తీర్పులపై అప్పీలు వినే అధికారం తమకు లేదని ‘జనార్దన్ రెడ్డి’ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. నెలల తేడాతో తలుపు మూసుకుపోయిందన్నమాట!

అప్పుడు రిట్ (హక్కుల రక్షణ కోసం నేరుగా సుప్రీంకోర్టులో వేసే పిటిషన్) వేశారు. లండన్ నుంచి బారిస్టర్ డి.ఎన్.ప్రిట్ వచ్చి వాదించారు. విచారణలో ముద్దాయిలకు వకీలే లేడన్నది అసలు వాదన. వకీలు లేనంత మాత్రాన ప్రతి విచారణా చెల్లకుండా పోదంటూ 1951 మార్చిలో కోర్టు దాన్నీ కొట్టేసింది. నా మటుకు ఇది చాలా కఠినమైన తీర్పు. ప్రాణం పోయే కేసులో చట్టం తెలియని రైతు సాక్షిని ఏమని అడ్డుప్రశ్న వేస్తాడు? శిక్షలు తర్వాత యావజ్జీవంగా మారాయి, అది వేరే సంగతి.

ఉత్తరాల్లో మిసిల్ నంబరు, అంటే కేసు ఫైలు నంబరు కోసం చూడండి. అప్పటి కోర్టు కాగితాలు ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి, చదివేవాళ్లను వెంట పెట్టుకోండి. ఆ ఉత్తరాలు అచ్చు వేయించే ముందు మాత్రం ఆ ఖైదీ కుటుంబాన్ని అడగండి. కేసు ముగిసినా క్లయింటు చెప్పిన రహస్యాన్ని లాయరు కాపాడాల్సిందే.