టెక్సస్ ఎండలో వేటాడిన జింక మాంసానికి కారు ఫ్రిజ్ ఒక్కటే సరిపోతుందా?

సరిపోదు. కారు ఫ్రిజ్ చల్లగా ఉన్నదాన్ని చల్లగా నిలబెడుతుందే తప్ప, పాతిక కిలోల వెచ్చటి మాంసాన్ని త్వరగా చల్లార్చలేదు. 50 వాట్ల కంప్రెసర్‌కు ఆ పని రాత్రంతా పడుతుంది. కంప్రెసర్ లేని చవక రకమైతే బయటి వేడికంటే 20 డిగ్రీలే తగ్గిస్తుంది కాబట్టి దాని జోలికే పోవద్దు.

ముందు ఐసు పని చేయాలి. పేగులు వెంటనే తీసి, తోలు ఒలిచి (తోలంటే దుప్పటే), తొడలు, జబ్బలు విడదీయండి. 100 లీటర్ల ఐస్ పెట్టెలో ముందు రాత్రే ఒక బస్తా ఐసు పోసి లోపలి గోడల్ని చల్లబరచండి. అడుగున ఐసు, మధ్యలో మాంసం, పైన మళ్లీ ఐసు; మాంసానికి రెట్టింపు ఉంటే మంచిది. నీళ్లు పోయే బిరడా తీసి, పెట్టెను అటువైపు కాస్త వాల్చండి. కరిగిన నీళ్లలో నానితే మాంసం పాలిపోతుంది, రక్తపు నీళ్లలో సూక్ష్మక్రిములూ పెరుగుతాయి.

పైన చల్లగా తగిలిందని మోసపోకండి. తొడ ఎముక పక్కన వేడి చివరిదాకా ఉంటుంది, కుళ్లు మొదలయ్యేదీ అక్కడే. థర్మామీటరు ముల్లు ఎముక దాకా గుచ్చి చూడండి. అక్కడ 4 డిగ్రీల సెల్సియస్‌కు దిగాక, ఫ్రిజ్‌ను 2 డిగ్రీల దగ్గర పెట్టి మాంసం అందులోకి మార్చండి. ఇంజిన్ ఆపి ఉంచేటట్టయితే ఫ్రిజ్‌కు వేరే బ్యాటరీ పెట్టుకోండి, లేకపోతే తెల్లారి కారు స్టార్ట్ కాకపోవచ్చు.