పాప చదువుకని పాలసీ తీసుకున్నాం, వెనక్కి ఇవ్వొచ్చా?

ప్రశ్న: మేం హైదరాబాద్ మియాపూర్‌లో అద్దెకు ఉంటున్నాం. మావారికి 34 ఏళ్లు, చేతికొచ్చే జీతం 82 వేలు. ఏ అలవాట్లూ లేవు. నేను ఇంట్లో ట్యూషన్లు చెబుతాను, నెలకు 8 వేలు వస్తాయి. పాపకు నాలుగేళ్లు. మా చిన్నమామయ్యగారు బీమా ఏజెంటు. పాప చదువుకని మావారి పేరు మీద పాలసీ చేయించారు. ఏడాదికి 60 వేల చొప్పున 20 ఏళ్లు కడితే చివర్లో 21 లక్షలు వస్తాయట. బీమా 6 లక్షలు. పత్రం వచ్చి 12 రోజులైంది. ఇప్పుడు అనుమానం వస్తోంది, వెనక్కి ఇస్తే ఆయన బాధపడతారని టెన్షన్. జూన్‌లో పాపను 1.9 లక్షల ఫీజున్న స్కూల్లో వేయాలనీ ఉంది. బ్యాంకులో 90 వేలున్నాయి. ఏం చేయమంటారు?

సమాధానం: పాలసీ వెనక్కి ఇచ్చేయండి. పత్రం అందినప్పటి నుంచి 30 రోజుల్లోపు ఆ హక్కు మీకుంది. దీన్ని ఫ్రీ లుక్ గడువు అంటారు. మీకింకా 18 రోజులుంది. అర్జీ నేరుగా కంపెనీ బ్రాంచిలో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఇన్ని రోజుల బీమా ఖర్చు, వైద్య పరీక్షలు, స్టాంపు డ్యూటీ మినహాయించుకుని మిగతాది ఇస్తారు. గడువు దాటాక మానేస్తే కట్టినదాంట్లో చాలా భాగం పోతుంది.

21 లక్షలు వినడానికి పెద్ద మొత్తమే. కానీ 12 లక్షలు కట్టాక వచ్చేది అది. లెక్కేస్తే ఏడాదికి 5 శాతం చిల్లర. అదే 60 వేలు ఏటా ఏప్రిల్ మొదట్లో, ఆడపిల్లల కోసం ప్రభుత్వం నడిపే పొదుపు పథకం సుకన్య సమృద్ధిలో వేస్తే 15 ఏళ్లే కట్టాలి, అంటే 9 లక్షలు. 2024 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన 8.2 శాతం వడ్డీ చివరిదాకా ఉంటే, 21 ఏళ్లకు 28 లక్షలు దాటుతుంది. ఈ రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది, తగ్గొచ్చు కూడా. ఇంకో చిక్కుంది. ఖాతా గడువు తీరేసరికి పాపకు 25 ఏళ్లు వస్తాయి. పైచదువులకు 18 ఏళ్లు నిండాకో, పదో తరగతి పాసయ్యాకో సగం వరకే తీసుకోగలరు. అందుకే నెలకు 3 వేలు సుకన్యలో, 2 వేలు 50 పెద్ద కంపెనీల షేర్లలో డబ్బు పెట్టే నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో వేయమంటాను.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ 6 లక్షల బీమా. అది మీవారి ఏడు నెలల జీతం. ఆయనకేమైనా జరిగితే పాప ఒకటో తరగతి పూర్తవకముందే ఆ డబ్బు అయిపోతుంది. ఆయనకు 60 ఏళ్లు వచ్చేదాకా కోటి రూపాయల టర్మ్ పాలసీ, అంటే గడువులోపు మనిషి పోతేనే డబ్బు వచ్చే బీమా తీసుకోండి. ఆరోగ్యంగా ఉంటే ఈ 60 వేలలో మూడో వంతు లోపే అవుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. దరఖాస్తులో బీపీ, షుగర్ లాంటివి దాచకండి. అప్పుడే 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకుంటున్నట్టు ఫారం నింపమనండి. ఆ సొమ్ము మీకూ పాపకే చెందుతుంది. అప్పులవాళ్లూ ఇతర బంధువులూ చేయి పెట్టలేరు. తర్వాత చేర్చడం కుదరదు, కాబట్టి ఇది మరవొద్దు.

స్కూల్ విషయంలో ఇప్పుడు వద్దనే చెబుతాను. మీ దగ్గరున్న మొత్తానికి రెట్టింపు, ఒక్క ఏడాది ఫీజే. ఏటా 10 శాతం పెరిగితే ఆరో తరగతికి 3.7 లక్షలవుతుంది. అప్పుడు మాన్పించడం పిల్లకు చాలా కష్టం. ముందు అత్యవసరాలకని ఆ 90 వేలను 3 లక్షలు చేయండి.

చిన్నమామయ్యగారితో మీరు కాదు, మీవారు మాట్లాడాలి. కంపెనీ నుంచి ఆయనకు కబురు వెళ్లకముందే మాట్లాడాలి. పాలసీ మంచిది కాదని వాదించొద్దు. ‘బాబాయ్, మాకు ముందు కోటి రూపాయల బీమా కావాలి, రెండూ కట్టలేం’ అంటే చాలు. ఆయన కంపెనీ టర్మ్ పాలసీ ధర మిగతావాటితో సమానంగా ఉంటే ఆయన దగ్గరే తీసుకోండి. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, అర్జీ మాత్రం ఈ వారంలోనే ఇచ్చేయండి.