పొగ అలారం ఎందుకు అరుస్తుంది?

అమ్మాయికి ఆశీస్సులు.

నీ నాటకం అందింది. పాటల రికార్డింగులు ఐదూ రెండేసిసార్లు విన్నాను. రెండోసారి మా ఆవిడ కూడా కూర్చుంది. ఉత్తరంలో నన్ను ‘మాస్టారూ’ అన్నావు. నేను ఏ బడిలోనూ పాఠం చెప్పినవాణ్ణి కాదు. నాటకాలవాళ్ళలో ఆ పిలుపు మామూలే కాబట్టి ఉంచేసుకుంటున్నాను.

“ఎడిన్‌బరో ఫ్రింజ్ నాటకోత్సవానికి ఇది సరిపడా వింతగా ఉందా?” అని అడిగావు. ఉందమ్మా. కూరలో ఉప్పులాగా ఉండాల్సింది ఉప్పులో కూరలాగా ఉంది.

నీ కథ ఇది: ఇంగ్లండులోని లీడ్స్‌లో ఒక అద్దె ఇల్లు. ఆరుగురు తెలుగు పిల్లలు. ఎవరు పోపు పెట్టినా నడవలో పొగ అలారం కూస్తుంది. ఆ అలారానికి ప్రాణం ఉంది, పాడుతుంది. ఇంతవరకు చదివి కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. పన్నెండో పేజీలో ఫ్రిజ్‌లోంచి దెయ్యం వచ్చింది. పద్దెనిమిదిలో పాస్‌పోర్టు మాట్లాడింది. ఇరవై ఆరుకొచ్చేసరికి ఇంటి ఓనరు యముడని తేలింది. అక్కడ కళ్ళజోడు తీసి టీ పెట్టుకున్నాను. ఇన్ని వచ్చాక ఇక ఏది జరిగినా నాకు ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యం పోయాక నవ్వెక్కడిది?

నువ్వు వెళ్తున్న చోటు ఎలాంటిదో ఒకసారి గుర్తుచేస్తాను. 1947లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో పెద్ద అంతర్జాతీయ ఉత్సవం మొదలైంది. దానికి ఆహ్వానం లేని ఎనిమిది నాటక బృందాలు పిలవని పేరంటానికి వచ్చినట్టు దిగి, దొరికిన హాళ్ళలో ఆడేశాయి. మరుసటి ఏడాది రాబర్ట్ కెంప్ అనే ఆయన పత్రికలో రాస్తూ, అధికారిక ఉత్సవం అంచున జరుగుతున్న నాటకాలు అన్నాడు. ఆ అంచే ఫ్రింజ్ అయింది. నీ నాటకం బాగుందా లేదా అని చూసే ఎంపిక కమిటీ ఈనాటికీ అక్కడ లేదు. ఫీజు కట్టి, ఎవరైనా హాలు ఇస్తే చాలు, నీ పేరు వాళ్ళ కార్యక్రమాల పుస్తకంలో ఎక్కుతుంది. ఆగస్టులో మూడు వారాలు, 3,000 పైగా ప్రదర్శనలు. రాయల్ మైల్ అనే ఆ రాళ్ళ వీధిలో నడిస్తే నీ చేతిలో కరపత్రం పెట్టేవాడు అరటిపండు వేషంలో ఉంటాడు. వాడి పక్కన ఒకమ్మాయి శవపేటికలో పడుకుని పాడుతూ ఉంటుంది. అలాంటి ఊళ్ళో “మాది వింత నాటకమండీ” అని చెప్పడం, వేప చెట్టెక్కి వేపాకు అమ్మడం.

అక్కడినుంచి పైకొచ్చిన నాటకాలు చూడు. ‘సిక్స్’ అనే సంగీత నాటకం సంగతి నీకు తెలిసే ఉంటుంది. 2017లో కేంబ్రిడ్జి విద్యార్థులు ఇద్దరు, టోబీ మార్లో, లూసీ మాస్, డిగ్రీ చదువుతూ రాసి ఫ్రింజ్‌కి తీసుకెళ్ళారు. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ ఆరుగురు భార్యలు ఒక పాప్ బృందంగా ఏర్పడి, అందరికంటే ఎక్కువ కష్టాలు పడిందెవరో తేల్చుకోవడానికి పోటీపడి పాడతారు. అంతే. ఆ రాణుల గతి ఇంగ్లండులో బడిపిల్లలకి కూడా నోటికొచ్చు: విడాకులు, తల కొట్టేశారు, చచ్చిపోయింది, విడాకులు, తల కొట్టేశారు, బతికింది. అందరికీ తెలిసిన కథకి తెలియని చోట నుంచి తలుపు తీశారు. తర్వాత దానికి కావలసింది ఆరు మైకులు, వెనక బ్యాండు. 2022లో సంగీతానికి టోనీ వచ్చింది, అమెరికాలో నాటకాలకిచ్చే పెద్ద అవార్డు. పోటీలో దిగిన ఏ రాణికీ అది జోకు కాదని గమనించావా? గెలవాలని వచ్చింది. తన తల పోయిన సంగతి తక్కువ చేసి మాట్లాడితే నిజంగానే కోపం వస్తుంది.

‘యూరిన్‌టౌన్’, అంటే మూత్రపట్నం, ఇంకో దారి. గ్రెగ్ కోటిస్ పారిస్‌లో చేతిలో డబ్బుల్లేక తిరిగే రోజుల్లో, నాణెం వేస్తేగానీ తలుపు తెరుచుకోని మరుగుదొడ్ల ముందు నిలబడాల్సి వచ్చింది. ఆ నిలబడటంలోంచి నాటకం పుట్టింది. ఊళ్ళో కరువు, సొంత మరుగుదొడ్లు నిషేధం, ఉన్నవన్నీ ఒక కంపెనీ చేతిలో, డబ్బు కట్టలేనివాడు నేరస్తుడు. మార్క్ హోల్‌మన్ సంగీతం. ఎడిన్‌బరోలో కాదు, న్యూయార్క్ ఫ్రింజ్‌లో 1999లో ఆడారు. రెండేళ్ళకి అక్కడి పెద్ద థియేటర్ల పేట బ్రాడ్‌వే చేరింది. ఆ పేరుతో నాటకానికి ఎవడొస్తాడని అందులో ఒక చిన్నపిల్లే అడుగుతుంది. కానీ ఆపుకోలేక లైనులో నిలబడ్డవాడికి అది జీవన్మరణ సమస్య. వాడు నవ్వితే నాటకం అయిపోయినట్టే.

ఇప్పుడు నీ అలారం దగ్గరికి వద్దాం. దాని మొదటి పాటలో అది తన మీద తనే జోకులేసుకుంటోంది. ‘నాకు నోరెక్కువ, బ్యాటరీ తక్కువ’ అంటూ ప్రేక్షకులకి కన్నుకొడుతోంది. అది అలారం కాదు, అలారం వేషం కట్టిన నువ్వు. దానికి ఏం కావాలి? ఎప్పుడైనా ఆలోచించావా?

పదేళ్ళ కిందట ఎవరో దాన్ని ఆ నడవలో సీలింగ్‌కి బిగించి పోయారు. దాని బతుకంతా ఒక్క మంట కోసం. ఒకనాడు మంట వస్తుంది, తను అందరినీ లేపుతుంది, అందరూ బతుకుతారు. అందుకే పుట్టింది. మంట రాదు. సాయంత్రం ఏడింటికి ఆవాలు చిటపటలాడతాయి, ఎండుమిరపకాయ ఘాటు లేస్తుంది, వచ్చింది నా రోజు అని ఇది గొంతు చించుకుంటుంది. ఎవడో తువ్వాలు తెచ్చి దాని మొహాన విసురుతాడు. ఇంకొకడు కుర్చీ ఎక్కి స్నానాల టోపీ తొడుగుతాడు. చీకట్లో, ప్లాస్టిక్ కింద, ఎర్ర దీపం మినుకుమినుకుమంటూ ఉంటుంది. రాత్రి ఆ దీపం చూస్తూ ఇంటిమీద బెంగపెట్టుకున్న పిల్ల ఒకతి ఉంది కదా నీ నాటకంలో, నాలుగో పేజీ తర్వాత మరి కనబడదు. వాళ్ళిద్దరికీ పడాలమ్మా స్నేహం. దెయ్యాన్నీ పాస్‌పోర్టునీ పంపించెయ్. యముణ్ణి ఇంకో నాటకానికి దాచుకో, ఎటూ పోడు.

ఇక మాట. అలారం పాటలో నువ్వు రాసిన వరుస: ‘నేను అరుస్తాను ఎందుకంటే నేను భయపడతాను మంట వస్తుందని.’ ఇది ఇంగ్లిషులో పుట్టి తెలుగు చొక్కా తొడుక్కుంది. మన వాక్యానికి క్రియ చివర కదా. వాక్యం ఏమయ్యేదీ ఆఖరి అక్షరందాకా తేలదు. నవ్వించేవాడికి ఇంతకంటే వరం లేదు. ప్రేక్షకుణ్ణి అంతదాకా నడిపించి చివర తిప్పొచ్చు. ఆ సందర్భానికి నేను ఊరికే గిలికి చూశాను:

మంటే అనుకుని అరిచాను,
మాడిన ముద్దపప్పుకి అరిచాను,
మాటవరసకి ఒక్కరైనా తలెత్తి చూస్తారని, నిన్న,
మంటా లేదు, పొగా లేదు... అరిచాను.

గొప్పగా ఉందనను, నీ ట్యూన్‌లో ఇమడదు కూడా. మూడోసారి వచ్చిన ‘అరిచాను’ మొదటి రెండింటి లాంటిది కాదు, అంతే నేను చూపించాలనుకున్నది. అక్కడ జనం నవ్వి, నవ్వాక కాస్త సిగ్గుపడతారు. ఆ నవ్వు తగ్గేదాకా కీబోర్డు అబ్బాయి ఒక ముక్క తిప్పి తిప్పి వాయిస్తూ ఆగాలి. మన పద్యనాటకాల హార్మోనిస్టులకి ఎవరూ నేర్పకుండానే వచ్చిన విద్య అది. మీవాడు నవ్వుమీదే తర్వాతి చరణం ఎత్తుకుంటున్నాడు. రెండు వరుసలు గాల్లో కలిసిపోతున్నాయి.

తెలుగు పాటలుంటే స్కాట్లండు వాళ్ళకి ఎలా తెలుస్తుందని నీ దిగులు. స్లయిడ్ల మీద అనువాదం వేస్తానన్నావు. వద్దు, కళ్ళు నటుణ్ణి వదిలి గోడమీదకి పోతాయి. బుర్రకథ గుర్తుతెచ్చుకో. కథకుడు ఒక మాట అంటాడు, పక్కన హాస్యపు వంతవాడు ‘ఏమైందేమైంది?’ అని లాగుతాడు, కథ రెండోసారి చెప్పినట్టు తెలియకుండానే రెండోసారి చెప్పేస్తారు. నీకు వంతవాడు సీలింగ్ మీదే ఉన్నాడు. అలారం పుట్టడం ఇంగ్లిషులో పుట్టింది. తెలుగు పదేళ్ళుగా ఈ పిల్లల దగ్గర విని నేర్చుకుంది, అదీ అరకొరగా. దానికి లోకంలో తెలిసిన విషయం ఒకటే, మంట. మన భాష నిండా ఏముంది? కడుపుమంట, ఒళ్ళు మండటం, గుండె భగ్గుమనడం, వాడి మొహం మండ! ఒకమ్మాయి ‘వాణ్ణి చూస్తే నా ఒళ్ళు మండిపోతోందే’ అనగానే అలారం అరవాలి. ‘నీకు పొగరెక్కువ’ అంటే ‘పొగ’ వరకే విని మోగాలి. తర్వాత ప్రేక్షకులకి ఇంగ్లిషులో ఎంతో బాధ్యతగా చెప్పాలి, ఈ ఇంట్లో ఒక యువతి ప్రస్తుతం కాలుతోంది అని. స్కాట్లండువాడు ఒక రకంగా నవ్వుతాడు, హాల్లో ఉన్న తెలుగువాడు ఇంకో రకంగా. గంటలో రెండుసార్లు చాలు, ఇరవైసార్లు వాడావంటే నేనే లేచిపోతాను.

గంట అన్నాను కదా, అసలు గండం అక్కడుంది. నీకు హాలు ఇచ్చింది అరవై నిమిషాలు. అందులోనే జనం లోపలికి రావడం, కూర్చోవడం, మీరు సామాను సర్దుకుని బయటపడటం. నాటకం 52 నిమిషాలు దాటకూడదు. నీ నలభై పేజీలు, ఐదు పాటలు కలిపి నా లెక్కలో గంటా పావు. ప్రతి పాటకీ ముందు ఒక ప్రశ్న వేసుకో: ఈ పాట అయ్యేసరికి ఎవరి పరిస్థితైనా మారిందా? కరివేపాకు ధర మీద పాట నాకు ఇష్టం, మా ఆవిడకి మరీ ఇష్టం. పాట మొదట్లో ఎక్కడున్నారో చివరా అక్కడే ఉన్నారు. తీసెయ్. ఏడుపొస్తే ఏడువు, తీసెయ్.

ఈ మాట ఊరికే చెప్పడం లేదు. నేను మొదటిసారి ఆ ఊరు తీసుకెళ్ళిన నాటకం ఒక పబ్బు కింద నేలమాళిగలో ఆడాం. నలభై కుర్చీలు, తడిసిన కోట్ల వాసన. మూడో రోజు తొమ్మిదిమంది వచ్చారు, అందులో ఒక పెద్దాయన మనవాడు. మా కుర్రాడు ఆఖరి పాట ఎత్తుకోగానే ఆయనకి ఏ పౌరాణిక నాటకం గుర్తొచ్చిందో, “ఒన్స్‌మోర్!” అని ఒక కేక పెట్టాడు. జన్మలో ఒన్స్‌మోర్ ఎరగని కుర్రాడు. పొంగిపోయి మళ్ళీ పాడాడు. నేను వేదిక పక్క తెర సందులోంచి చేతులు ఊపుతూనే ఉన్నాను. నాలుగు నిమిషాలు దాటింది. హాల్లో లైట్లు వెలిగాయి, పక్క తలుపు తెరుచుకుంది, తర్వాతి బృందం నటుడు లోపలికొచ్చాడు. ఆక్టోపస్ వేషం. ఎనిమిది చేతుల్లో ఒకదానికి గడియారం ఉంది. అతను ఏమీ చేయలేదమ్మా. గోడకానుకుని, మా పాట అయ్యేదాకా మర్యాదగా ఆగి, మధ్యలో ఒక్కసారి టైము చూసుకున్నాడు. మూడు రోజుల్లో మా నాటకానికి పడని నవ్వు ఆ ఒక్క చూపుకి పడింది. ఆ రాత్రి గదికెళ్ళి నా ప్రతిలో జోకులన్నిటి కిందా పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ కూర్చున్నాను. తెల్లారేసరికి సగం కొట్టేశాను.

కరపత్రం సంగతి. అందులో ‘వినోదభరితం’, ‘విలక్షణం’ లాంటి మాటలు రాయకు, ఆ వీధిలో ప్రతి కాగితం మీదా ఉంటాయి. ఏం జరుగుతుందో ఒక వాక్యంలో రాయి. ‘ఆరుగురు విద్యార్థులు, ఒక పోపు, మంట కోసం పదేళ్ళుగా ఎదురుచూస్తున్న పొగ అలారం.’ ఇంగ్లిషులో నువ్వే బాగా రాసుకుంటావు. ఇంకోటి, వాన పడుతుంది, పలచటి కాగితం వాడకు. మొదటి రెండు మూడు రోజులు టిక్కెట్టు తక్కువకి ప్రివ్యూలు పెట్టుకోవడం అక్కడ రివాజు, మీరూ పెట్టుకోండి. నిజం ఇంగువ పోపు వేదిక మీద పెడతానన్నావు. హాలువాళ్ళని ముందే అడుగు. హాల్లో ఉన్న నిజం అలారం మోగితే భవనం మొత్తం ఖాళీ చేయిస్తారు. అది మాత్రం నాకూ చూడాలని ఉంది.

చేసినవి చేసి, అలారం పాట మళ్ళీ రాసి పంపు. మిగతావి తర్వాత. నిన్న మా ఆవిడ వంటింట్లో పప్పుకి పోపు పెడుతూ నీ పాట కూనిరాగం తీసింది. రెండు చరణాలు పూర్తిగా వచ్చాయి. మూడో చరణం దగ్గర ఆగి, “ఆ తర్వాత ఏమిటండీ?” అని అడిగింది. రెండుసార్లు విన్నవాణ్ణి, నాకూ గుర్తు రాలేదు. ఆ చరణం సంగతి ముందు చూడు.

ఇట్లు,
మీ మాస్టారు