బెంగళూరు బండెక్కబోయే అల్లుడికి

అల్లుడూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు అగ్నివీర్‌గా సెలెక్టయ్యావనీ, బెంగళూరు ఏఎస్‌సీ సెంటర్‌లో రిపోర్టు చెయ్యమని కాగితం వచ్చిందనీ చెప్పింది. ఇంటిల్లిపాదీ సంతోషంగా ఉంటే నువ్వు మాత్రం ముభావంగా తిరుగుతున్నావట. తుపాకీ పట్టుకుని బోర్డర్‌లో నిలబడతాననుకుంటే లారీ తోలమంటున్నారేంటని నీ బాధ. కందుకూరులో ఎవడో నీ ఈడు కుర్రాడు ‘మీ నాన్న లాగే డ్రైవరువేగా’ అన్నాడని కూడా చెప్పింది. ఆ మాట నాకూ గుచ్చుకుంది. 1989 నుంచి ఇరవై నాలుగేళ్లు నేను చేసింది ఆ పనేరా. అందుకే ఫోన్‌లో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు నువ్వు వెళ్లేది ఎక్కడికో తెలుసుకో. ఏఎస్‌సీ అంటే ఆర్మీ సర్వీస్ కోర్. అది తన పుట్టుకను 1760 నుంచి లెక్క కట్టుకుంటుంది. ఏటా డిసెంబరు 8న కోర్ డే చేస్తారు. జవాను తినే బియ్యం, పప్పు, పిండి, బండ్లకు పోసే డీజిల్, పొయ్యికి కిరసనాయిలు, వాటిని మోసే లారీలు, లారీ పోలేని చోటికి కంచరగాడిదలు, అవీ పోలేని చోట విమానంలోంచి పారాచూట్ కట్టి జారవిడిచే మూటలు, ఇవన్నీ ఆ కోర్ చూసుకునేవే. కొండ మీద తుపాకీ పట్టుకున్నవాడు రేపు పొద్దున కూడా అక్కడ నిలబడగలడా లేదా అన్నది, ఈ సాయంత్రం నీ బండి అక్కడికి చేరిందా లేదా అన్నదాని మీద ఉంటుంది.

లడఖ్ సంగతి చెబితే నీకు బాగా అర్థమవుతుంది. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే దారిలో జోజిలా అనే కనుమ ఉంది, 3,500 మీటర్ల పైమాట. మా రోజుల్లో మంచు పడితే నెలల తరబడి మూసేసేవాళ్లు. మనాలీ దారీ అంతే. ఇప్పుడు 2020లో తెరిచిన అటల్ టన్నెల్ వల్ల రోహ్‌తాంగ్ ఎక్కే బాధ తప్పింది, జోజిలా కూడా మునుపటికంటే త్వరగా తెరుస్తున్నారు. అయినా చలికాలానికి కావలసినదంతా ఎండలున్నప్పుడే పైకి చేర్చాలి. మీ నాయనమ్మ వేసవిలో చింతపండు, ఎండుమిర్చి, కందిపప్పు ఏడాదికి సరిపడా ఎత్తిపెట్టేది చూడు, అదే పని కొన్ని వేల కడుపుల కోసం చెయ్యడం అన్నమాట. ఆమె లెక్క తప్పితే అంగడికి పోయి తెచ్చుకోవచ్చు. అక్కడ అంగడి ఉండదు.

1999 మే, జూన్ నెలల్లో, కార్గిల్ యుద్ధమప్పుడు, నేను ఆ దారిలోనే ఉన్నాను. ద్రాస్ దగ్గర కొండల మీద శత్రువు కూర్చుని ఉన్నాడు, కింద రోడ్డు మీద ఏది కదిలినా వాడికి కనబడుతుంది. అందుకే రాత్రిపూట, హెడ్‌లైట్లు ఆర్పేసి నడిపేవాళ్లం. మిలిటరీ లారీ వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉండే డిఫరెన్షియల్‌కి తెల్లరంగు వేసి ఉంటుంది, దాని మీద పడేలా కిందివైపు ఒక చిన్న బల్బు ఉంటుంది. పైనుంచి చూసేవాడికి కనబడదు, వెనక వచ్చే డ్రైవరుకు మాత్రం ఆ తెల్లటి గుండ్రం కనబడుతుంది. రాత్రంతా దాన్నే చూస్తూ నడపాలి. అది ఆగితే ఆగాలి, కదిలితే కదలాలి. నా వెనక బాడీలో బోఫోర్స్ ఫిరంగి గుండ్లు, ఒక్కోటి నలభై కిలోల పైన. పక్కన లోయ. భయం వేసింది. వెయ్యలేదని నీతో అబద్ధం చెప్పను. జూన్ 13న తోలోలింగ్ కొండ మనకు దక్కిందన్న కబురు వచ్చినప్పుడు మేము లోడు దింపుతున్నాం. ఎవరూ అరవలేదు. ఒకళ్ల భుజం ఒకళ్లం తట్టుకుని మళ్లీ పెట్టెలు అందుకున్నాం. ఆ కుర్రాడు మళ్లీ డ్రైవరని నోరు జారితే ఈ పేరా చదివి వినిపించు.

ఇక పని సంగతి. దీంట్లో అన్నిటికన్నా ముందు నీ చేతికి రావాల్సింది స్టీరింగ్ కాదు, లెక్క. లోడు నీ కళ్లముందే ఎక్కాలి, నువ్వు ఎంచాలి, ఆ తర్వాతే వోచరు మీద సంతకం. ‘గిన్‌నేకీ జరూరత్ నహీ’, అంటే లెక్కపెట్టక్కర్లేదు అని సీనియరు తొందరపెడతాడు. కోపంగా మాట్లాడకు, ఎదురు చెప్పకు. ‘దో మినిట్, ఉస్తాద్’ అని నవ్వుతూ అని ఎంచుకో. ఎంచుకునేవాణ్ణి ఎవరూ చెడ్డవాడనరు. సంతకం పెట్టాక తక్కువొస్తే మాత్రం అడిగేది నిన్నే.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను, ఇంతవరకు మీ అమ్మకు కూడా చెప్పలేదు. 1994లో సెప్టెంబరు చివర, ఒక పోస్టుకు పిండి బస్తాలు, కిరసనాయిలు డబ్బాలు కలిపి ఇచ్చారు. చీకటి పడకముందే కనుమ దాటాలని నాకు తొందర. డబ్బాలు కింద పెట్టి, మధ్యలో పట్టా వేసి, బస్తాలు వేరేగా పేర్చాలని తెలుసు. తెలిసీ డబ్బాలు పైన పెట్టనిచ్చాను. ఒక డబ్బా మూతకు రబ్బరు వాషరు లేదు. అదీ చూశాను, ఏం కాదులే అనుకున్నాను. దారంతా కుదుపులకు అది బొట్టు బొట్టుగా కారింది. పైన దింపేటప్పుడు పదకొండు బస్తాలు తడిసి ఉన్నాయి. అక్కడి లంగరు, అంటే జవాన్ల వంటశాలలో వంటవాడు గఢ్వాల్ మనిషి. ఒక బస్తా మూతి విప్పి పిడికెడు పిండి వాసన చూశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. బస్తాలు పక్కన పెట్టించి, మిగిలిన పిండి రోజుకెంత వాడాలో వేళ్ల మీద లెక్క కట్టుకున్నాడు. ఆ రాత్రి నాకు పెట్టిన రొట్టెలు మాత్రం మంచి పిండివే. వాళ్లు తలా ఒక రొట్టె తగ్గించుకున్నారు. అది గొంతు దిగలేదురా. నాలుగో రోజున మంచు పడి దారి మూసుకుపోయింది. తర్వాత ఎన్నో లోడ్లు తోలాను, మూత తిప్పి చూడకుండా ఒక్క డబ్బా ఎక్కించలేదు.

బరువు ఎలా పేర్చాలో నీకు కొంత తెలుసు. చీమకుర్తి నుంచి మీ నాన్న గ్రానైట్ దిమ్మె తెచ్చేటప్పుడు కింద చెక్కలు ఎలా పెట్టేవాడో, గొలుసు ఎక్కడ బిగించేవాడో చిన్నప్పటి నుంచి చూశావు. బరువైనది కింద, రెండు ఇరుసుల మధ్యకు రావాలి. బయలుదేరిన అరగంటకు ఆగి తాళ్లు మళ్లీ బిగించు. కుదుపులకు లోడు సర్దుకుని తాడు వదులవుతుంది. మిలిటరీ రైలు మీద లారీలు, టాంకులు ఎక్కించేటప్పుడూ ఇదే సూత్రం, చక్రాలకు చెక్కలు కొట్టి వైరుతో బిగిస్తారు. ఆ పని దొరికితే ముందుకెళ్లి చెయ్యి, నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

రోజూ పొద్దున బండి దగ్గర ఫస్ట్ పరేడ్ అంటారు. ఆయిలు, నీళ్లు, టైర్లు, బ్రేకులు, లైట్లు. ఎయిర్ ట్యాంకులో చేరిన తడి వదిలెయ్యడం మర్చిపోకు, చలిలో అది గడ్డకట్టి బ్రేకు పట్టదు. మా కాలంలో డీజిలే చిక్కబడిపోయేది. రాత్రి మధ్యలో లేచి ఇంజను కాసేపు నడిపి మళ్లీ పడుకునేవాళ్లం. 2019లో ఇండియన్ ఆయిల్ వాళ్లు మైనస్ 33 డిగ్రీల వరకు పనిచేసే డీజిల్ తెచ్చారు, మీకు ఆ కష్టం తగ్గింది. కొండ దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కావో ఆ గేరే. న్యూట్రల్ చేశావంటే నీ ఖర్మ. ఇరుకు దారిలో ఎదురుగా ఎక్కి వచ్చే బండికే దారి ఇవ్వాలి.

లేహ్ లాంటి ఎత్తైన చోటికి పోస్టింగ్ వస్తే మొదటి ఆరు రోజులు వాళ్లు చెప్పినట్టు ఉండు. తొలి రెండు రోజులు విశ్రాంతే డ్యూటీ. నేను గట్టివాణ్ణి అని వాలీబాల్ ఆడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. తలనొప్పి వస్తే దాచకు, వెంటనే డాక్టరుకు చెప్పు.

నాలుగేళ్ల తర్వాత ఏమిటని మీ అమ్మకు టెన్షన్. నలుగురిలో ఒకరినే ఉంచుకుంటారు, ఆ మాట నీకూ తెలుసు. ఉంచుకోకపోయినా సేవానిధి పది లక్షల పైమాటే చేతికొస్తుంది. ఆ డబ్బు రాగానే కొత్త కారు కొననని నాకు మాటివ్వు. అంతకన్నా ముఖ్యం, నీ దగ్గర హెవీ లైసెన్సు, నాలుగేళ్లు తప్పు లేకుండా నడిపిన రికార్డు ఉండాలి. కార్ డైరీలో ప్రతి ట్రిప్పూ సరిగ్గా రాయి, నీ అక్షరం చూసి నిన్ను స్టోర్స్ లెక్కలకు కూడా పిలుస్తారు. ఆ పని వస్తే వద్దనకు. కృష్ణపట్నం పోర్టులో లారీ నడిపేవాళ్లు చాలామంది దొరుకుతారు, ఏ సరుకు ఎప్పుడు ఎక్కడికి ఎందులో పంపాలో లెక్క కట్టి చెప్పగలిగేవాళ్లు తక్కువ. దూరవిద్యలో డిగ్రీ కూడా ఈ నాలుగేళ్లలోనే పూర్తిచెయ్యి. హిందీ మొదటి నెలలో తప్పులతోనే మాట్లాడు, ఎవరు నవ్వినా పట్టించుకోకు.

రైలు ఎక్కేలోపు ఒక ఆదివారం టంగుటూరు రా. వచ్చేటప్పుడు మీ నాన్న లారీ తాడు ఒకటి పట్టుకురా, కొత్తది వద్దు, వాడి మెత్తబడినది. మా పెరట్లో వేపచెట్టుకు కట్టి నాలుగు రకాల ముడులు నేర్పిస్తాను. అత్త చేపల పులుసు చేస్తానంటోంది.

మీ మామ