పాత ల్యాండ్ క్రూజర్ కొనబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు టొయోటా ల్యాండ్ క్రూజర్ల ఫోటోలూ తీరిగ్గా చూశాను. 1996 నాటి 80 సిరీస్, 2004 నాటి 100 సిరీస్, 2010 నాటి 200 సిరీస్. ‘మామయ్యా, వీటిలో ఏది గట్టిది?’ అని అడిగావు. మూడూ గట్టివే తల్లీ. మీరు వెళ్లాలనుకుంటున్న దారులకు కావలసినదానికన్నా ఎక్కువ గట్టివి. వెనక సీట్లో కూర్చున్న మీ ఇద్దరు పిల్లలు ఎన్నో గంటకు ‘ఇంటికి వెళ్లిపోదాం’ అంటారో, అక్కడ ఆగుతుంది మీ యాత్ర. కాబట్టి బండి కథ వెనక సీటు నుంచి మొదలుపెట్టి ముందుకు చెప్పుకొస్తాను.

ముందుగా ఒక సంగతి. ఈ మూడు తరాలకూ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం ఒకటే, 2,850 మిల్లీమీటర్లు. బయటి రూపం ఎంత ఉబ్బినా ఆ కొలత మారలేదు. మారినవి ముందు ఇరుసు, ఇంజిన్, బరువు. నీ ప్రశ్నకు జవాబు ఈ మూడింట్లోనే ఉంది.

80 సిరీస్‌కు ముందూ వెనకా నిండు ఇరుసులే. ఒక లావుపాటి ఇనుప గొట్టం, దానికి రెండు కొసల్లో చక్రాలు, పైన కాయిల్ స్ప్రింగులు. ఒక చక్రం రాయెక్కితే రెండోది నేలను నొక్కి పట్టుకుంటుంది. ఇరుసు కింద ఖాళీ ఎంత బరువేసినా మారదు. రాళ్లగుట్టల మీద నెమ్మదిగా పాకడానికి ఇంతకంటే నిజాయితీ గల అమరిక లేదు. కానీ అదే ఇరుసు గతుకుల మట్టిరోడ్డు మీద ఎడమ చక్రానికి తగిలిన దెబ్బను కుడి చక్రానికీ చేరవేస్తుంది. స్టీరింగ్‌ను రోజంతా చిన్నచిన్నగా సర్దుతూనే ఉండాలి. నేను పదేళ్లు నడిపాను, సంతోషంగానే నడిపాను. అయితే సాయంత్రం గుడారం దగ్గర దిగేసరికి భుజాలు పట్టేసేవి. ఒక్కడినే ఉంటే అది సరదా. గుడారం వేసి, వంట చేసి, పిల్లలను నిద్రపుచ్చాల్సిన మనిషికి అది అలసట మీద అలసట.

100 సిరీస్‌తో ముందు ఇరుసు పోయింది. 1998 నుంచి వచ్చిన ఈ తరానికి ముందు చక్రాలు దేనికవి విడిగా కదులుతాయి, కాయిల్ స్ప్రింగుల బదులు టార్షన్ బార్లు, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ఇనుప కడ్డీలు ఉంటాయి. వెనక మాత్రం పాత నిండు ఇరుసే. పాతకాలం వాళ్లు దీన్ని చూసి పెదవి విరిచారు, వాళ్లలో నేనూ ఒకణ్ని. తర్వాత ఒక స్నేహితుడి బండిలో రోజంతా ప్రయాణించి నోరు మూసుకున్నాను. అదే దారి, అదే వేగం. వెనక సీట్లో నా మనవరాలు బొమ్మలు వేసుకుంటోంది. గీత వంకరపోయినప్పుడల్లా విసుక్కుంది కానీ పెన్సిల్ కింద పెట్టలేదు. 80లో అయితే పెన్సిల్ ఎప్పుడో సీటు కింద ఉండేది. (ఇదే తరంలో 105 అని ఇంకొకటి ఉంది. పైన 100 ఒళ్లు, ముందు నిండు ఇరుసు. కొన్ని దేశాల్లోనే అమ్మారు. ఎదురైతే తికమక పడకు.)

ఇక యంత్రాలు. నువ్వు చూసిన 80లో ఉన్నది 4.5 లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, 1ఎఫ్‌జెడ్-ఎఫ్‌ఈ అంటారు. 1992 చివర్లో వచ్చింది, అంతకుముందు 80లలో ఉన్న నాలుగు లీటర్ల ఇంజిన్ బరువుకు తగిన బలం లేక ఎగువల్లో ఆయాసపడేది. కొత్తదానికి లోపలి భాగాలను జతగా తిప్పేది టైమింగ్ చెయిన్, కాబట్టి రబ్బరు బెల్టు తెగుతుందన్న బెంగ లేదు. దాని బలహీనత వేడి. వయసైన వాటిలో హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే పలచటి పొర, పోవడం అందరికీ తెలిసిన సంగతే. దానికి తోడు ఇంజిన్ వెనక భాగంలో, చెయ్యి సరిగా దూరని చోట, హీటరుకు వెళ్లే ఒక పొట్టి రబ్బరు గొట్టం ఉంటుంది. ఎవరికీ కనిపించదు కనుక ఎవరూ మార్చరు. అది చిట్లితే ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ కారిపోతుంది, నీకు తెలిసేలోగా గాస్కెట్ ఉడికిపోతుంది. అమ్మే మనిషిని ‘ఆ వెనక గొట్టం ఎప్పుడు మార్చారు?’ అని అడుగు. తేదీ చెప్పాడంటే బండిని ప్రేమించినవాడు. ‘ఏ గొట్టం?’ అన్నాడంటే ధర మాట్లాడే ముందు ఇంకాస్త వంగి చూడు.

వంగినప్పుడు ముందు చక్రం వెనక వైపు చూడు. గుండ్రటి బంతిలాంటి ఇనుప భాగం కనిపిస్తుంది. దాన్ని ఒక పాత గుడ్డతో తుడువు. గుడ్డకు నల్లటి గ్రీజు పలచగా అంటితే పర్వాలేదు, అది అలాగే ఉండాలి. నూనెలా జారుతూ, గేర్ ఆయిల్ వాసన వేస్తూ చక్రం లోపలి గోడ మీదికి చిమ్మి ఉంటే, లోపలి సీలు పోయి డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో రెండు చక్రాలకూ బలాన్ని పంచే పళ్లచక్రాల పెట్టె) నూనె గ్రీజులో కలుస్తోందని అర్థం. పుట్టి మునిగే జబ్బేమీ కాదు, సీళ్లు, బేరింగులు మార్చి కొత్త గ్రీజు కూరితే సరిపోతుంది. కానీ రెండు రోజులు చేతులు నల్లబడే పని. తర్వాత ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా నడపమను. టక్ టక్ అని చప్పుడు వస్తే చక్రం దగ్గరి కీలు అరిగింది.

ఆ 80కి ముందూ వెనకా డిఫరెన్షియల్ లాకులు, అంటే ఇరుసు రెండు చక్రాలనూ కలిపి ఒకేలా తిప్పించేవి, ఉన్నాయని మీ ఆయన మురిసిపోతున్నట్టున్నాడు. మంచివే. కానీ ఏళ్ల తరబడి వాడకపోతే వాటిని కదిపే చిన్న మోటార్లు బిగుసుకుపోతాయి. మట్టినేల మీద ఆ గుండ్రటి మీట తిప్పి చూడండి. దీపం మిణుకుమంటుంది, బండి కాస్త ముందుకు కదిలాక నిలకడగా వెలగాలి. మిణుకుతూనే ఉంటే అవి కాగితం మీది లాకులే. ఇంకో మాట, ఇసుకలో టైరు గాలి 35 పీఎస్‌ఐ నుంచి 18కి దించితే వచ్చే లాభం, ఆ లాకుల వల్ల వచ్చేదానికన్నా ఎక్కువ. తిరిగి రోడ్డెక్కే ముందు గాలి నింపుకోవడానికి పంపు మాత్రం మంచిది కొనుక్కోండి.

100లో ఉన్నది 4.7 లీటర్ల వీ8, 2యూజెడ్-ఎఫ్‌ఈ. నా చేతుల్లో పడ్డ ఇంజిన్లలో ఇంత ఓపిక ఉన్నది మరొకటి లేదు. దీనికి బెల్టు ఉంది, సుమారు 1,45,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చాలి. మార్చేటప్పుడు వాటర్ పంపు కూడా మార్చేయండి, ఎలాగూ అంతా విప్పారు కదా. దీని జబ్బు ఎక్కడుంటుందో చెప్తాను. బానెట్ ఎత్తితే ఇంజిన్ వెనక, క్యాబిన్ గోడ దగ్గర, హీటరు గొట్టాలు కలిసే చోట రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి, టీ అక్షరం ఆకారంలో. ఏళ్ల వేడికి అవి పెళుసెక్కిపోతాయి. ఒకసారి ముట్టుకుని చూద్దామని నేను వేలు ఆనించాను, ఎండిన బిస్కెట్టులా విరిగి చేతిలోకి వచ్చింది. నిలబడి ఉన్న బండిలో విరిగింది కాబట్టి నవ్వుకున్నాను. అది ఎడారి మధ్యలో విరిగితే ఇంజిన్ ప్రాణానికే ముప్పు. మార్చడానికి గంట కూడా పట్టదు. రేడియేటర్ పైన ఉన్న ప్లాస్టిక్ తొట్టి గోధుమరంగుకు తిరిగిందేమో కూడా చూడు.

తొలి 100లలో ముందు డిఫరెన్షియల్ కాస్త నాజూకు. తర్వాత లోపలి పళ్లచక్రాలు రెండు నుంచి నాలుగు చేసి బలపరిచారు. 2003 మోడల్ నుంచి పెట్రోల్ వీ8కు నాలుగు గేర్ల ఆటోమేటిక్ బదులు అయిదు గేర్లది వచ్చింది. నువ్వు చూసినది 2004 కనుక ఆ బెంగ లేదు. కొన్నింటికి స్ప్రింగులకు తోడుగా నూనె ఒత్తిడితో పనిచేసే సస్పెన్షన్ ఉంటుంది, మీట నొక్కితే ఒళ్లు లేస్తుంది, దిగుతుంది. బాగున్నప్పుడు పల్లకీయే. బాగుచేయించడం మాత్రం తలనొప్పి. నీ ప్రకటనలో అది ఉందో లేదో రాయలేదు, కనుక్కో.

200 గురించి ఎక్కువ రాయను. హాయిగా ఉంటుంది, ఎయిర్‌బ్యాగులు ఎక్కువ, నిశ్శబ్దం ఎక్కువ. ఎలక్ట్రానిక్స్ కూడా ఎక్కువే. దారిలో అది మొరాయిస్తే స్పానరుకు ముందు కంప్యూటర్ కావాలి. పైగా ఆ ధర పెట్టి కొన్న బండిని ముళ్లపొదల మధ్య గీతలు పడేలా నడపడానికి మీ ఆయనకు మనసొప్పదు, నాకు తెలుసు. నిస్సాన్ పాట్రోల్ అనే బండి పాత తరాల గురించీ అడిగావు. వై60, వై61 రెండూ నిండు ఇరుసుల బండ్లు, 80తో సమానమైన మొండివి. 80 ఇరుసుల గురించి చెప్పినవి దాదాపు వాటికీ వర్తిస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి, బరువు. దీని గురించి ఎవరూ అడగరు, నువ్వూ అడగలేదు.

80 ఖాళీగా సుమారు 2,200 నుంచి 2,300 కిలోలు తూగుతుంది. 200 ఏకంగా 2,600 దాటుతుంది. పెద్ద బండి కదా, ఎక్కువ మోస్తుందని అనుకుంటాం. కానీ దాని బలంలో చాలా భాగం తనను తాను మోసుకోవడానికే సరిపోతుంది. మోడల్‌ను బట్టి కొంచెం అటూ ఇటూగా ఇవన్నీ మోయడానికి ఒప్పుకునేది 600 నుంచి 700 కిలోలే. ఇప్పుడు లెక్క వెయ్యి. మీ నలుగురూ 200 కిలోలు. నీళ్లు 60 లీటర్లంటే 60 కిలోలు. ఇరవై లీటర్ల ఇంధనం డబ్బాలు రెండు, 40. నిండుగా సర్దిన ఫ్రిజ్ 40. పైకప్పు గుడారం 60. పరుపులు, బట్టలు 60. పనిముట్లు 30, వంటసామాను 30, రెండో స్టెప్నీ 35. ముందు ఇనుప బంపరూ, ఇరుక్కుంటే తాడుతో బండిని లాగే వించీ కలిపి 90. మొత్తం 645. పిల్లల సైకిళ్లు ఇంకా ఎక్కించనే లేదు.

ఈ పాఠం నేను పుస్తకంలో చదవలేదు. ఒక యాత్రకు కొండవీటి చాంతాడంత జాబితా రాసుకుని, అందులో ఒక్కటీ వదలకుండా ఎక్కించాను. పైన రాక్ మీద స్టెప్నీ, రెండు నీళ్ల డబ్బాలు, పార, పెట్టె. రెండో రోజు మలుపులో గాలి కొట్టింది, బండి ఒళ్లు పక్కకు వాలి మళ్లీ లేవడానికి ఒక క్షణం ఎక్కువ తీసుకుంది. వెనక సీట్లో మాటలు ఆగిపోయాయి. రాత్రి టార్చి వేసి చూస్తే రాక్ కాలు ఆనిన చోట పైకప్పు అంచు సన్నగా చిట్లి ఉంది. తిరుగు ప్రయాణంలో ఒక వేబ్రిడ్జి మీద ఎక్కించి తూచాను. ఒప్పుకున్నదానికంటే 280 కిలోలు ఎక్కువ. తప్పు బండిది కాదు, అత్యాశ నాది. అప్పటి నుంచి కుటుంబాన్నంతా ఎక్కించి, ట్యాంకు నింపి, తూకం వేయించకుండా బయల్దేరలేదు. బరువైనవి వెనక సీటుకు ఆనించి కింద పెట్టాలి. పైకప్పు మీదికి తేలికైనవే వెళ్లాలి. వెనక తలుపుకు వేలాడదీసినది ఏదైనా ఇరుసుకు అవతల ఉంటుంది కనుక తన బరువు కంటే ఎక్కువగానే లాగుతుంది.

పిల్లల సీట్ల గురించి ఒకటే చెప్తాను. 80లో వెనక మధ్య సీటుకు చాలావాటిలో నడుము బెల్టు మాత్రమే ఉంటుంది. చివరి వరుస సీట్లు తీసేసి సామాను పెడతారు కదా, అప్పుడు సామానుకూ పిల్లల తలలకూ మధ్య ఇనుప జాలీ తప్పనిసరి. బ్రేకు వేసినప్పుడు ఫ్రిజ్ ముందుకు వస్తుంది. మీ పిల్లల సీట్లను కొనబోయే బండిలో బిగించి చూడకుండా డబ్బు ఇవ్వకు.

చూడటానికి తెల్లవారుజామునే వెళ్లు. ఇంజిన్ చల్లగా ఉండాలి. ముందే వేడి చేసి ఉంచారంటే ఎందుకని అడుగు. రేడియేటర్ మూత తీసి చూస్తే కూలెంట్ శుభ్రంగా ఉండాలి, పైన నూనె తేలకూడదు. చిన్న స్క్రూడ్రైవర్ ఒకటి పట్టుకెళ్లి చాసిస్ వెనక భాగాన్ని, ఒళ్లు చాసిస్‌కు కూర్చునే చోట్లను తట్టు. ఖంగుమంటే సరే. మొద్దుగా పలికినా, పొలుసులు రాలినా మూట కట్టుకుని వచ్చేయ్. ఇంజిన్ మార్చవచ్చు, గేర్‌బాక్స్ మార్చవచ్చు, తుప్పుపట్టిన చాసిస్‌ను ఎవరూ బాగుచేయలేరు. పైన కొత్త రంగు, కింద దట్టంగా పూసిన నల్ల తారు కనిపించాయంటే పైన పటారం లోన లొటారం అనుకో.

నా మాట అడిగావు కనుక చెప్తున్నాను. 2004 నాటి 100 తీసుకోండి. మీ ఇద్దరిలో ఎవరికైనా ఆదివారాలు బండి కింద పడుకోవడం ఇష్టముంటే 80 అని ఉండేవాణ్ని. మీకు ఆ సరదా లేదు, ఇద్దరు చిన్నపిల్లలున్నారు. 100ను ఎత్తు చేయించకండి. చేయిస్తే 50 మిల్లీమీటర్లకు మించవద్దు, ఆపైన ముందు చక్రాల కీళ్లు వంకరకోణంలో తిరిగి రబ్బరు తొడుగులు చిరుగుతాయి. కొన్నాక మొదటి 3,000 కిలోమీటర్లు ఇంటి చుట్టుపక్కలే తిరగండి. గొట్టాలన్నీ, బెల్టులన్నీ, నూనెలన్నీ మార్చాక, మొదటి పెద్ద యాత్రలో రోజుకు నాలుగైదు గంటలకు మించి నడపకండి. ట్యాంకు సుమారు 95 లీటర్లు, లీటరుకు 6 కిలోమీటర్లు వస్తే గొప్పే, దారిలో బంకులు ఎక్కడున్నాయో ముందే రాసుకోండి.

ఆ 100 బానెట్ ఎత్తి, వెనక ప్లాస్టిక్ ముక్కలు రెండింటినీ, డ్రైవర్ తలుపు దగ్గర బరువులు రాసి ఉన్న రేకునూ ఫోటో తీసి నాకు పంపు. చూసిన రోజే ఫోన్ చేస్తాను. ముక్కలను మాత్రం వేలితో ముట్టుకోవద్దు, బండి ఇంకా నీది కాలేదు.

ఆశీస్సులతో,
మీ మామయ్య